ఖాళీ గీత

కోఠి, గుజరాతీ గల్లీ మొదట్లో
మెట్ల కింద దుకాణం. ఒక మనిషి నిలబడితే నిండిపోతుంది.
పూలకొట్టు దండల్లా తీగలు వేలాడుతున్నాయి,
తెల్లవి, నల్లవి, ఒక్కటి మాత్రం గోరింట ఎరుపు.

"దేనికి మేడమ్? కాల్స్‌కా, పాటలకా, జిమ్ముకా?"
ఇలియాస్ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.
పన్నెండేళ్లు చెవులు అద్దెకిచ్చుకున్నదాన్ని.
సముద్రం అవతలి డాక్టర్లు ఏదో నములుతూ చెప్పే రోగాలు
రాత్రంతా విని టైపు కొట్టేదాన్ని.
హెడ్‌ఫోన్ కంపెనీది.
దాని స్పాంజి నా చెంప మీద వేసిన నెలవంక నాది.
కుడికాలి కింద పెడల్:
మడమ నొక్కితే మాట వెనక్కి, వేళ్లు నొక్కితే ముందుకు.
ఎంత వెనక్కి తిప్పినా అందని మాట దగ్గర
ఒక ఖాళీ గీత గీసి, నిమిషం, సెకను రాసి
ముందుకు పోవాలి. రూలు అది.

పోయిన నెల మా ఫ్లోర్ మూసేశారు. ఇప్పుడు యంత్రం వింటోందట.
హెడ్‌ఫోన్ తిరిగిచ్చి సంతకం పెట్టి వచ్చాను.
సొంతానికి ఏం వినాలో తెలీదు.
ముందు వినే సామాను కొందాం, తర్వాత చూద్దామనుకున్నాను.

మొదట వైరు లేని బొత్తాలు ఇచ్చాడు.
"బేస్ చూడుండ్రి, గుండెల్ల కొడ్తది."
కొట్టింది. ఎవరిదో బరాత్ నా పుర్రెలోంచి నడిచి వెళ్లింది.
నా ఎడమ చెవి చిన్నది. బొత్తం నిలవక
చెరుకురసం బండి చక్రం దాకా దొర్లిపోయింది.
ఇద్దరం వంగి వెతికాం.
"గందుకే రబ్బర్లు మూడు సైజులిస్తరు" అన్నాడు
పిప్పి ఊదేస్తూ.

తర్వాత పెద్దవి, చెవుల్ని మొత్తం మింగేవి.
ఏదో మీట నొక్కాడు.
కోఠి ఆగిపోయింది.
దుప్పట్లవాడి నోరు "సౌ కా దో" ఆకారం మాత్రం చేసింది.
మోచేతిని రాసుకుంటూ పోయాక గానీ తెలియలేదు
వచ్చింది ఆటో అని.
తొమ్మిది వేలు.
చప్పుడు లేకపోవడానికి ఇంత ఖరీదా అంటే
"ఈఎంఐ ఉన్నది" అన్నాడు.

నా దగ్గరున్న దాంతో పరీక్ష చేస్తానన్నాను.
ఫోన్‌లో ఒక్కటే ఉంది, మూడు ఫోన్లు మారినా వెంటే వచ్చింది:
చిలకలగూడ గది, రేకుల మీద వాన,
ఒక నిమిషం పదకొండు సెకన్లు.
ఇన్నేళ్లూ ఫోన్ స్పీకర్‌లో అది
పోపులో ఆవాలు చిటపటమనడం, అంతే.

ఎర్ర తీగ గుచ్చాడు. "రంధ్రం ఉన్న ఫోన్! దాచుకోండ్రి."
మూడువందల యాభై రూపాయల చెవుల్లో
వాన విడివిడిగా పడింది.
రేకు మీద వేరే, కారేచోట పెట్టిన స్టీలు గిన్నెలో వేరే,
తలుపు అవతల బోర్లించిన బకెట్ మీద ఇంకోలా.
ఆ వెనకాల, ముప్పై తొమ్మిదో సెకను దగ్గర,
ఫిలోమినా.

ఆ సాయంత్రం తను గదిలో ఉన్నట్టే గుర్తులేదు నాకు.
నవ్వి, నా పేరుతో ఏదో మొదలుపెట్టింది.
చివర "అప్పుడు చూద్దాంలే" అంది.
మధ్యలో వాన.
తన పాత నంబర్‌కి ఇప్పుడు ఎవరో మేస్త్రీ పలుకుతాడు.

"క్లియర్ ఉందా?"
"లేదు" అన్నాను. "ఇదే ఇవ్వు."
ముప్పై తగ్గించాడు. జిప్పు సంచి ఊరికే ఇచ్చాడు.
గ్యారంటీ గల్లీ దాటేదాకా అని తనే చెప్పి తనే నవ్వాడు.

ఎంజీబీఎస్‌లో తోపులాట. ఎవరి టిఫిన్ సంచికో తీగ చిక్కుకుని
ఎడమది ఊడింది. మళ్లీ పెట్టుకున్నాను.
మలక్‌పేట దాటాక
ఎదుటి సీటు పిల్లాడు నా చెప్పు వంక చూస్తుంటే
నేనూ చూశాను:
కుడి మడమ
మెట్రో నేలను నొక్కి, వదిలి, మళ్లీ నొక్కుతోంది
ముప్పై తొమ్మిదో సెకనుకి.

తర్వాతి స్టేషన్ చైతన్యపురి అంది పైనుంచి గొంతు.
అది మాత్రం స్పష్టంగా వినిపించింది.
దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాల్సినదాన్ని.