మొదట ఎవరు

రాత్రి పదకొండు. కంచరపాలెం మెట్ట మీద అద్దెగది.
ల్యాప్‌టాప్ తెరపై రెండు ట్రాన్సిస్టర్లు
ఎదురెదురుగా కూర్చున్నాయి.
దీని కలెక్టరు నుంచి దాని బేసుకి,
దాని కలెక్టరు నుంచి దీని బేసుకి
చెరో కెపాసిటర్.
నలభైయేడు కిలోఓములు, పది మైక్రోఫారాడ్లు.
లెక్కకట్టి నోటుబుక్కులో రాసుకున్నా:
అరసెకను మీద ఇంకొంచెం.

రన్ నొక్కాను.
గీత.
వాల్తేరు యార్డులో సిగ్నలందని గూడ్సుబండిలా
కదలని పచ్చగీత.

వైర్లు చూశాను. గ్రౌండు చూశాను.
బ్యాటరీ తిరగేశానేమోనని చూశాను.
అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
అదే తప్పని నాకెలా తెలుస్తుంది?

చెప్పింది ఎల్లాజీ గారు.
ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ వెనక
బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే మనిషి,
మీసాల్లో సోల్డరు పొగ.
"ఏటమ్మా, రెండూ అచ్చం ఒకలాటివే పెట్టేస్తే
ఏది ముందు లెగుస్తాది?
నువ్వంటే నువ్వని అలాగే కూకుంటాయి.
కంప్యూటర్లో కవలలుంటారు గానీ
నా డబ్బాలో ఉండరు, కొలిచి చూసుకో."

ఆ రాత్రి ఒక కెపాసిటర్ చెవిలో
పది మిల్లీవోల్టులు ఊదాను.
చీమ కాలు తగిలినంత.
ఒకటి తెరుచుకుంది, రెండోది మూతపడింది.
మూతపడ్డదాని బేసు మెల్లగా పైకెక్కి
అరవోల్టు దాటగానే
తెరుచుకున్నదాన్ని తోసేసింది.
తెర నిండా కోటగోడ పళ్లు.

బ్రెడ్‌బోర్డు మీద మాత్రం
ఏమీ ఊదక్కర్లేకపోయింది.
బ్యాటరీ తగిలిందో లేదో
ఒక ఎర్రలైటు, ఇంకో ఎర్రలైటు.
ఉప్పుగాలి, నా వేళ్ల చెమట,
ఇరవై శాతం అబద్ధమాడే కెపాసిటర్లు:
ఎవరు ముందో అవే తేల్చుకున్నాయి.

ఆరు చేశాను,
పోలారావు చిన్నాన్న వలబెండ్లకి కట్టడానికి.
ప్లాస్టిక్ డబ్బాలు, మూతల చుట్టూ మైనం.
ఒకే డ్రాయింగు, ఒకే సంచీలో కొన్న భాగాలు.
అయినా ఆరోది తొందరపడేది.
కరెంటు పోయిన వేళ సెల్‌ఫోను వెలుతుర్లో
పసుపుపట్టీకీ నారింజపట్టీకీ తేడా పోల్చలేదు నేను.
మార్చి తెస్తా, ఇచ్చేయమన్నాను.

చిన్నాన్న ఇవ్వలేదు.
"సముద్రం మీద అందరి లైట్లూ ఒక్కలాగే ఉంటాయే.
ఆత్రంగా కొట్టుకునేది కనబడితే చాలు,
మన వలని తెలిసిపోద్ది."

సిమ్యులేషన్‌లో ఇవాళ కొత్త ఫైలు తెరిచాను.
తప్పు రెసిస్టరుతో సహా ఆరోదాన్ని గీశాను.
పేరు రాసేచోట
చిన్నాన్న పడవ నంబరు రాశాను.