ఏడు మీటర్లు తక్కువ

కొరుక్కుపేటలో మా ఇంటాయన
మేడ మీద మేడ లేపాడు.
కొత్త గోడ దక్షిణం వైపు ఆకాశాన్ని మింగేసింది.
డిష్ ఇంకో అంతస్తు ఎక్కాలి.
ఎక్కింది.
కేబులే ఎక్కలేదు. ఏడు మీటర్లు తక్కువ.

రిపేరు కుర్రాడు ఇళంగో ఫోన్‌లోనే తేల్చేశాడు:
అతుకు పెట్టొద్దక్కా, ప్రతి అతుకూ కొంత తింటుంది,
మొత్తం కొత్తది లాగుదాం, ఆదివారం వస్తా.
ఏ ఆదివారమో నేనడగలేదు.
వణ్ణారపేట వెళ్ళి ఎనిమిది మీటర్లు కొన్నాను,
మలుపులకి ఒకటి ఎక్కువ.

కూరగాయల కత్తితో తోలు వలిచాను.
లోపల వెండిజాలి. దాన్ని వెనక్కి దువ్వాను
తలంటిన రోజు హేమలత జుట్టు దువ్వినట్టు.
దాని కింద తెల్లటి నురగ,
నురగ నడుమ రాగి నరం.
జాలిలో ఒక్క వెంట్రుక రాగికి తగిలినా బొమ్మ రాదట.
కళ్ళజోడు కోసం మూడంతస్తులు దిగి ఎక్కాను.

పాత కొసలో రాగే లేదు.
తొమ్మిదేళ్ళ ఉప్పుగాలి, పచ్చటి పొడి.
జానెడు కోశాను. ఇంకా పచ్చే.
ఇంకో జానెడు.
అప్పుడు మెరిసింది, చింతపండుతో తోమిన చెంబులా.

అతుక్కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి
డిష్ చెవి పట్టుకుని అరిచాను: "వచ్చిందా?"
కొత్త అంతస్తులో ఇంకా ఎవరూ దిగలేదు,
నా మాట నాకే తిరిగొచ్చింది.
రెండో అంతస్తు మెట్ల మీద కుప్పమ్మాళ్ అందుకుంది: "వందుచ్చా?"
ఆ కింద నూర్జహాన్, పిట్టగోడ మీంచి వంగి: "ఆయా క్యా?"
టీవీ ముందు మా హేమ
ముగ్గురికీ కలిపి ఒకటే జవాబు చెప్పేది.
అది నా దాకా ఎక్కేసరికి
"లేదంట" అయింది ఒకసారి,
"ఏవో గళ్ళు గళ్ళుగా ఉందంట" ఇంకోసారి,
"అన్నం పొంగుతోంది" మూడోసారి.

ఇళంగో అన్నది నిజమే,
ప్రతి అతుకూ కొంత తింటుంది.
అన్నం దించి వార్చింది మాత్రం నూర్జహానే.

గోరంత తూర్పుకి తిప్పాను.
"వచ్చిందా?"
కుప్పమ్మాళ్ పలకలేదు.
ఇంకాస్త తిప్పి, భయపడి, మళ్ళీ వెనక్కి.
"వచ్చిందా?"
కింద ఎవరూ లేనట్టే ఉంది.
ఎండలో అలాగే నిలబడ్డాను, డిష్‌ని
చంటిపిల్లలా పట్టుకుని, కదిలితే ఏమవుతుందోనని.

దిగి చూద్దును కదా,
సీరియల్ సగం అయిపోయింది.
నా కుర్చీలో కుప్పమ్మాళ్.