గొర్రెకొమ్ముల సైకిలు

పర్లాకిమిడి కాలేజీ స్టోరుగది వేలంపాటలో
నా వంతుకొచ్చింది
గొర్రెకొమ్ముల హ్యాండిలున్న రేసు సైకిలు.
నాతో పోటీకి పాడినవాడు ఒక్కడే,
పాత ఇనుము తూకాల మనిషి.
నాలుగు వందల దగ్గర చెయ్యి దించేశాడు.

మడ్గార్డుల్లేవు.
పందెంలో పోయేవాడికి
ఎవడి మీద బురద పడితే ఏం?
నేను మాత్రం పదింటికల్లా పాతపట్నంలో
రిజిస్టరులో సంతకం పెట్టాల్సినదాన్ని.
మహేంద్రతనయ గట్టు వెంట తొక్కి
చెక్‌పోస్టు దాటి ఆంధ్రాలో దిగేసరికి
మెడ నుంచి నడుం దాకా
చుడీదారు మీద ఒకటే ఎర్రగీత.
"బోర్డరు నీ వీపు మీదే ఉందే" అంది
పక్క టేబులు హేమసుందరి.

రైలుగేటు పక్కన దండాసి మిస్త్రీ.
ఒడియాలో తిడతాడు, తెలుగులో లెక్క చెబుతాడు.
"మడ్గార్డుకి జాగా ఏదమ్మా?
టైరుకీ ఫోర్కుకీ నడుమ
రూపాయి బిళ్ళ పడుకుంటాది గాని
నిలబడదు."

టైరు విప్పి సన్నది వేశాడు. చాలలేదు.
రేకుని ఫోర్కు దగ్గర
రెండు పక్కలా కత్తిరించి నడుం తీశాడు,
రవికె చంక తీసే దర్జీలా
టేపు ముట్టుకోకుండానే.
ఊచలు బిగిద్దామంటే ఫ్రేముకి చెవుల్లేవు.
నీళ్ళపైపు పట్టీలు వంచి
లోపల ట్యూబు ముక్క చుట్టాడు,
"రంగు గీసుకోకుండా" అంటూ.
రంగు ఎక్కడుందో
ఇద్దరం కాసేపు వెతికాం.

తర్వాత ఆ గలగల.
బిగిస్తే రేకు చీలేలా ఉంది,
వదిలితే వీధంతా కిటికీలు తెరుస్తోంది.

కొమ్ముపని వీధిలో ఉదయనాథ్ మహారాణా
కొంగ మెడ నునుపు చేస్తున్నాడు.
గేదెకొమ్ము చెక్క ఒకటి తీసి
బొక్క వేసి వాషరు చేసిచ్చాడు.
ఎంతివ్వాలంటే
"కొంగకాలు కావలసింది, విరిగింది,
పట్టుకుపో" అన్నాడు.
బిగించాక
సైకిలు నోరు మూసుకుంది.

లీవర్ల సంగతి మాత్రం
ఒక్కపూటలో తేలలేదు.

దండాసి గోనెపట్టా మీద డబ్బా గుమ్మరించాడు.
జంటకడ్డీవి ఉన్నాయి,
వంగి పట్టినా, నిటారుగా కూచుని పట్టినా పలికేవి.
"ఆడోళ్ళకి ఇయ్యే మంచివి."
నొక్కి చూశాను.
కడ్డీ వంగింది,
చక్రం ఆలోచించుకుంటూ ఆగింది.
ప్లాస్టిక్‌వి ఉన్నాయి, కొత్తవి,
పెట్టె వాసన పోనివి.
అడుగున ఈ సైకిలుతో వచ్చినవే,
రబ్బరు తొడుగు పొడై రాలిపోయి
ఎవరి వేళ్ళో రాసి రాసి
వెన్నులా తేలిన మలుపుతో.

నా ఎడమ చూపుడువేలు వంగదు.
గుణుపురం సంతలో చెరకు మిషను
పదకొండేళ్ళ కిందట తీసుకుని
సగం మనసుతో తిరిగిచ్చింది.
ఆ మాట చెప్పలేదు.
లీవరు మీద చెయ్యి పెట్టానంతే.
దండాసి వేలు చూశాడు,
లీవరుకీ వేలుకీ నడుమ సందు చూశాడు.
ఈసారి తిట్టలేదు.

తీగలు తారుమారు చేశాడు.
ముందు బ్రేకు కుడిచేతికి,
వెనకది ఎడమకి.
ఎడమ లీవరు పూర్తిగా వెనక్కి పోకుండా
కీలు కింద చిన్న ఆపు పెట్టాడు,
అదీ కొమ్ము ముక్కే,
కొంగకాల్లో మిగిలింది.
ఇప్పుడది
నా మూడు వేళ్ళ దగ్గరికి తనే వచ్చి నిలబడుతుంది.

సోమవారం వాన.
చెక్‌పోస్టు వాలులో
టమాటా లారీ ఉన్నట్టుండి ఆగింది.
నేనూ ఆగాను, జానెడు ఇవతల.
లారీ వెనక రాసింది ఒడియానో తెలుగో
చదివే తీరిక కూడా దొరికింది.

ఆఫీసులో హేమసుందరి నన్ను తిప్పి చూసింది.
వీపు మీద ఏమీ లేదు.
కాస్త నిరాశపడ్డట్టే ఉంది.

కాళ్ళు మాత్రం మడమల దాకా బురదే.
ముందు మడ్గార్డుకి నాలిక తగిలించాలట.
హవాయి చెప్పు తెగినప్పుడు తెమ్మన్నాడు దండాసి.

రోజూ చూసుకుంటున్నాను,
ఇంకా తెగలేదు.