ఒక బొమ్మ, వెయ్యి మంది

అరండల్‌పేట ఐదో లైను, జిరాక్స్ షాపు పైన మేడ.
రాత్రి ఏడున్నరకి నాకు అమెరికా తెల్లవారుతుంది.
ఒకప్పుడు గోడల మీద
ఎరువుల కంపెనీల కాడెద్దులు గీసినవాణ్ణి,
ఇప్పుడు వాళ్ళ అద్దెలు గీస్తున్నాను,
ఆస్పత్రి అప్పులు గీస్తున్నాను,
పెళ్ళి వద్దనుకున్నవాళ్ళని లేత నీలంలో,
రెండో ఉద్యోగానికి పరిగెత్తేవాళ్ళని ముదురు నీలంలో.
ఇల్లు లేనివాళ్ళకి కూడా ఇంటి బొమ్మే,
మీద ఒక అడ్డగీత.
జీతం కడ్డీ పొట్టిది.
అద్దె కడ్డీ కాగితం దాటి పోతానంటుంది,
నడుం దగ్గర విరిచి
వంకర గీత పెట్టి లోపలికి లాగుతాను.

ఎరుపు వాడితే మెయిలొస్తుంది:
మరీ మండుతోంది, కాస్త తగ్గించండి.
గుంటూరులో ఉన్నవాడికి
చల్లటి ఎరుపు ఎక్కడ దొరుకుతుంది?
అయినా తగ్గించాను,
దానిమ్మ గింజ దాకా, తర్వాత
మామిడి చిగురు దాకా.

నిన్నటి పని ఇది:
పేరు పలకడం నాకు రాని ఒక కౌంటీలో
రాత్రి భోజనం ఒంటరిగా చేసేవాళ్ళు.
ఒక బొమ్మ అంటే వెయ్యి మంది.
లెక్క ముప్ఫై ఏడున్నర.
ముప్ఫై ఏడుగుర్ని వరస కట్టించాను,
అందరికీ ఒకే తల, అవే భుజాలు,
ఎవరి చేతిలోనూ కంచం లేదు.
అర దగ్గరికొచ్చి చెయ్యి ఆగింది.
ఐదొందల మంది కోసం మనిషిని ఎక్కడ కొయ్యాలి?
నిలువునా కోస్తే ఒక చెయ్యి, ఒక కాలు, సగం కడుపు.
అడ్డంగా కోస్తే
సరిగ్గా ఆకలి ఉండే చోటే గీత పడుతుంది.

తెల్లారగట్ల టీకని ఏటుకూరు రోడ్డు మీదికి పోయాను.
కోల్డ్ స్టోరేజీ పక్క రేకుల షెడ్డులో
మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు
అప్పుడే చేరుతున్నారు.
గాలి తగిలి నేను తుమ్మాను. వాళ్ళెవరూ తుమ్మలేదు.
రాహేలమ్మ వెనక గోడ నిండా బొగ్గు గీతలు.
టిక్కీకి ఒక గీత,
నాలుగు నిలువు, ఐదోది అడ్డం,
సగం టిక్కీకి పొట్టి గీత.
మేస్త్రీ పుస్తకంలో లెక్క వేరే ఉంటుంది.
శనివారం రెండూ పోట్లాడుకుంటాయి.

ఫోన్ చూపించాను.
"ఎవురీళ్ళంతా?"
"ఒక్కళ్ళే అన్నం తినేవాళ్ళు."
"ఇంతమందున్నారుగా, ఒక్కళ్ళేంది?"

నా దగ్గర దానికి గ్రాఫు లేదు.
కోత సంగతి మాత్రం చెప్పాను.
కారం చెయ్యి మొహానికి తగలకుండా
మోచేత్తో నుదురు తుడుచుకుని,
"మడిసిని కొయ్యటమేంది అబ్బయ్యా,
కూచోబెట్టు.
సగమైపోతాడు."

మళ్ళీ మేడెక్కాను.
ముప్ఫై ఎనిమిదోవాణ్ణి కూర్చోబెట్టాను.
కింద సూచికలో రాశాను:
నిలబడినవాడు వెయ్యి, కూర్చున్నవాడు ఐదొందలు.
ఎప్పుడూ లేనిది, పంపే ముందు
రెండుసార్లు చూసుకున్నాను.

జవాబు పావుగంటలో వచ్చింది.
ఇతను ఎందుకు కూర్చున్నాడు?
మిగతావాళ్ళతో కలవట్లేదు, సరిచేయండి.

సరిచేశాను. నిలువునా.
ఎడమ సగం ఉంచాను.

కూర్చున్నవాణ్ణి మాత్రం చెరపలేదు.
కంప్యూటర్ తెర మీద ఒక మూల,
గడియారం పక్కన ఉన్నాడు.
ముందు ఇంకా ఏమీ పెట్టలేదు,
టీ గ్లాసా, అన్నం కంచమా
తేల్చుకోలేక.
శనివారం, ఆ గోడకీ పుస్తకానికీ పోట్లాట అయ్యాక
రాహేలమ్మని అడగాలి.