బూడిదరంగు మూత

చేతికి రబ్బరు పట్టీ బిగించను.
పిడికిలి ముడవమని అనను.
ముడిచిన పిడికిలి కూడా తప్పుడు సాక్ష్యం చెబుతుంది.

రాత్రి రెండున్నర. కేజీహెచ్, పాత వార్డు.
పదిహేడో మంచం మీద ఎల్లాజీ.
జెల్లముల్లు దిగిన పాదానికి
నాలుగు రోజులు పసుపు రాసి ఊరుకున్నారు.
ఇప్పుడు ఒళ్ళు పొయ్యి,
బీపీ అందడం లేదు.

రెండు మిల్లీలీటర్లు, బూడిదరంగు మూత గొట్టం.
తీసీ తియ్యగానే ఐసు డబ్బాలోకి.

"నెత్తురికి ఐసేటి బాబూ?" అంది అప్పలకొండ.

ఇరవయ్యేళ్ళుగా ఈ సూది పట్టుకుంటున్నాను,
ఎవరూ అడగలేదు.
తడికట్టెల పొయ్యి నుంచి మొదలెట్టాను:
ఒంట్లో కణకణానా మంటే, చక్కెరే కట్టె,
గాలి చాలకపోతే సగం కాలి
పులుపు మిగులుతుంది,
పెరుగులో పులుపే అనుకో, లాక్టేట్ అంటారు...

"అది సరే. ఐసేటికి?"

బయటికొచ్చినా నెత్తురు ఊరుకోదమ్మా,
గొట్టంలో కూచుని కూడా
ఉన్న చక్కెర తింటూ పులుస్తూనే ఉంటుంది.
ఆలస్యమైతే
మీ ఆయనది కాని పులుపు మీ ఆయన లెక్కలో పడుతుంది.

"ఓస్, సేపా అంతే కదేటి!
ఒడ్డున పడ్డాక ఐసెయ్యకపోతే
దాన్ని అదే తినేసుకుంటాది."

హార్బరు జెట్టీలో ఐసు కొట్టే పనట ఆమెది.

ర్యాంపు మీంచి పరుగు.
మిషను నసిగి నసిగి
ఐదు పాయింటు ఒకటి అంది.
రెండు దాటకూడదు.

చీటీ చూపించాను. చదువు రాదు, వేళ్ళు చూపించాను.
"ఐదంటే బతుకుతాడా?"
డాక్టరుగారిని అడగమనాలి. అనలేదు.
రెండు గంటలాగి మళ్ళీ తీస్తాను,
ఒక్క అంకె ఏమీ చెప్పదు, అన్నాను.

ఆమె కిటికీ వైపు చూసింది.
అటు సముద్రం కనపడదు, ఉందని తెలుస్తుందంతే.
"మరే. పోటో పాటో
ఒక్క సూపుకి తెలుస్తాదేటి."

సెలైన్లు దిగాయి, మందులు దిగాయి.
నాలుగూ నలభై:
నాలుగు పాయింటు నాలుగు.

ఇది దిగడమేనా? దిగడమే,
ఈ మాత్రం నేనూ ఎన్నోసార్లు నమ్మాను,
అందుకే గట్టిగా చెప్పలేదు.
నాలుగు వేళ్ళు చూపించి
ఐదోది సగం మడిచాను.

ఆమె వేళ్ళు చూడలేదు. డబ్బాలోకి చూస్తోంది.
"మిగిలిన ఐసు ఏం సేస్తారు?"
సింకులో పోస్తాం.
"అయ్యో."

ఒక ముక్క తీసి
అరచేతిలో దొర్లించి, గోటితో గీకి,
తల అడ్డంగా ఊపింది.
"మెత్తటి సరుకు బాబూ.
మా జెట్టీలో ఇది ఎవుడూ కొనడు."