ఊరూ పేరూ

గిటారు తల మీద రెండు మేకు బెజ్జాలు.
పేరు పలక ఎప్పుడో రాలిపోయింది.
రాయపురం నుంచి రెండు బస్సులు మారి
పాత లుంగీలో చుట్టి తెచ్చింది సుగుణమణి.
"బాగుచెయ్యకపోయినా పరవాలేదయ్యా,
ఇది ఏ ఊరిదో చెప్పు చాలు."

ముప్ఫయ్యేళ్లుగా వడపళని సందులో
యాంప్లిఫయర్ల కడుపులు కోస్తున్నవాణ్ణి.
టంకం బొట్టు చూసి
ఎవరి చెయ్యో చెప్పగలను.
దీని ముందు మాత్రం చాలాసేపు
స్క్రూడ్రైవర్‌తో వీపు గోక్కుంటూ కూర్చున్నాను.

అమెరికా గిటారుకు నకలే, సందేహం లేదు.
కానీ ఫొటో చూసి దర్జీ కుట్టిన కోటులా
ఒక కొమ్ము పొట్టి, నడుము కాస్త వదులు.
అసలుదానికి లేని నాలుగు తెల్ల మీటలు
వరసగా, పాత రేడియో పళ్లలా.
నాలుగోది దేనికో
నొక్కి చూసినా తెలీలేదు.
నకలు రాసే కుర్రాడు
మధ్యలో సొంత వాక్యం ఒకటి ఇరికిస్తాడే, అలాంటిది.

మెడ వెనక ఉక్కు రేకు మీద
జపాన్ తయారీ అని, కింద ఐదు అంకెలు.
జపాన్ అంటే ఊరా?
మన దేశం పేరొక్కటే రాసి
ఉత్తరం వేస్తే రాయపురం చేరుతుందా?

పాత క్యాటలాగుల జిరాక్సులు తిరగేశాను.
ఒకే షెడ్డులో పుట్టిన వాటికి ఇరవై ఇంటిపేర్లు.
ఓడ ఏ రేవులో ఆగితే అక్కడి షావుకారు
తన పేరు రేకు మీద కొట్టించి మేకులు దిగ్గొట్టేవాడు.
షెడ్డు మూతపడ్డాక
ఆ అంకెల చిట్టా ఏ చలిమంటలో వేశారో
ఎవరూ చెప్పలేరు.
అడయారు నుంచి సేకరణ పిచ్చి ఉన్న డాక్టరొకాయన వచ్చి,
"ఫలానా షెడ్డుదైతే అరవై వేలు,
కాకపోతే ఆరు" అన్నాడు,
తేలును చూసినట్టు దూరంనుంచే చూస్తూ.

సుగుణమణికి తెలిసిన చరిత్ర ఇంతే:
డెబ్భై మూడులో మూర్ మార్కెట్ వెనక
ఓడ వంటవాడొకడికి మూడొందలూ, పెళ్లినాటి వాచీ ఇచ్చి
యేసుదానం దీన్ని ఇంటికి తెచ్చాడు.
తర్వాత పన్నెండేళ్లు రికార్డింగ్ థియేటర్లలో
మూడో వరసలో, ఫ్యాను కింద, వాయించాడు.
"డిస్కు మీద పేరు వెయ్యలేదని బాధపడ్డాడా?"
"లేదయ్యా. పొంగలి చల్లారిపోయిందని బాధపడేవాడు."

నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు
టార్చి పళ్లతో కరిచిపట్టుకుని మెడ విప్పాను.
పన్నెండేళ్ల మద్రాసు చెమట
ఉప్పుగా పేరుకుని ఉంది అంచుల్లో.
మెడ కుదురుకోవడానికి ఎవరో
మడిచి పెట్టిన పల్లవన్ బస్సు టికెట్టు,
పదిహేను పైసలది.
దాని కింద, చెక్కమీద, పెన్సిలుతో
నిలువు గీత ఒకటి, అడ్డంగా రెండు.

ఒరగడం కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ
నా దగ్గర కరోకే పెట్టె బాగుచేయించుకునే హిరానో గారికి
ఫోనులో ఫొటో పంపాను.
"మట్టి" అని జవాబొచ్చింది.
టీ తాగి, బీడీ కాల్చి,
మట్టేమిటా అని మెట్లమీద కూర్చున్నాక
రెండో జవాబు:
"శనివారాన్ని కూడా అలాగే రాస్తాం.
పనివాళ్లు వారం వేసుకుని ఉంటారు."

అంటే, ఎవరో ఒక మనిషి,
పేరు రాయకూడదని తెలిసినవాడో,
రాయాలని తోచనివాడో,
చెక్కపొడి చేత్తో తుడిచి
చెవిమీంచి పెన్సిలు తీసి
వారం ఒక్కటి రాసి
ఇక ఎవరూ తెరవరనుకుని మూసేశాడు.
బయట సైకిలుందో, వానుందో,
మంచుందో. నాకు ఆ ఊళ్లు తెలీవు.
శనివారం సాయంత్రం తెలుసు.
ఆ తొందర నా వేళ్లకూ తెలుసు.

సుగుణమణికి చెప్పాను, భయపడుతూనే,
ఊరు దొరకలేదమ్మా, వారం దొరికింది.
ఆమె కాసేపు మీటల వంక చూసింది.
"శనివారమా! అందుకే నాలుగోది పనిచెయ్యదు"
అని నవ్వింది, "జీతం రోజు కూడా అయ్యుంటుంది."

రిచీ స్ట్రీట్ కెపాసిటర్లు రెండు వేశాను.
కొత్త తీగలు బిగించాను.
శబ్దం గొప్పదేం కాదు,
కొంచెం ముక్కుతో మాట్లాడుతుంది.
ఎదురింటి కుర్రాడు మాత్రం
కిటికీలోంచి తల బయట పెట్టాడు.
డాక్టరుకు ఫోన్ చేసి ఆరు వేలదే అని చెప్పాను.
పేరు పలక ఏదైనా కొట్టమంటారా అని అడిగితే
ఆ బెజ్జాలను బొటనవేలితో తడిమి
"గాలాడనియ్" అంది.

బస్సు టికెట్టును పారెయ్యలేదు.
ఎక్కడ ఎక్కాడో ఎక్కడ దిగాడో
అంకెలు చెరిగిపోయాయి.
ఎన్ని మడతలున్నాయో అన్ని మడతలూ వేసి
మళ్లీ అక్కడే పెట్టాను.
అది లేకపోతే మెడ నిలవదు.