నౌపడా ఉప్పు

బోర్డుమీద పేరు రెండుసార్లుంటుంది:
తెలుగు అక్షరాలు తలకట్టు కట్టుకుని,
ఒడియా అక్షరాలు గొడుగేసుకుని.
పర్లాకిమిడి ఎండ ఎవర్నీ వదలదు కదా.
గల్లాపెట్టె దగ్గర తవిటమ్మ,
లెక్క ఒడియాలో, తిట్లు తెలుగులో.

చిన్నరైలు తిరిగే రోజుల్లో
నౌపడా నుంచి ఉప్పుమూట దిగేది.
ఆవిడ మామ నీలాచలం
పాలడబ్బా చుట్టూ ఐసూ ఉప్పూ కూరి
జబ్బలు పడిపోయేదాకా మర తిప్పేవాడు.
"తీపి గడ్డకట్టాలంటే
చుట్టూ ఉప్పుండాలిరా గుంటడా"
అనేవాడు నాతో.
నాకప్పుడు కప్పు అడుగు గీరడమే తెలుసు.

మొన్న తుపాను వెళ్ళిన మర్నాడు
ఊరంతా కరెంటు లేదు.
మధ్యాహ్నానికి ఫ్రీజరుకి చెమట పట్టింది.
తవిటమ్మ షట్టరెత్తి వీధిని కేకేసింది.
రేకులెగిరిపోయినవాళ్ళు,
కూలిన జీడిచెట్లు లెక్కెట్టుకుంటున్నవాళ్ళు,
అప్పుడే స్తంభం దిగిన లైన్‌మన్ దండాసి,
గిన్నెలతో, చెంబులతో,
ఒకడు హెల్మెట్‌తో.
ఆ పూట లెక్క లేదు.
తిట్లు మాత్రం ఆగలేదు:
"తోసుకోకండర్రా!
కరిగేది ఐసుక్రీము, మీరు కాదు."

చీకటిపడ్డాక ఖాళీ ఫ్రీజరు తుడిచి
అటకెక్కి ఆ బకెట్టు దించమంది నన్ను.
చెక్క చీలింది, మర తుప్పుపట్టింది.
వేలితో అడుగు గీరి
నాలుక మీద పెట్టుకున్నాను.
ఇంకా ఉప్పగానే ఉంది.